హంట్లీ పొగ, టకానిని దండెం

జనార్ధనరావుకి దేశం బాగుందో లేదో తెలుసుకోవడానికి పేపరు చదవాల్సిన పని లేదు. పొగగొట్టం వైపు చూస్తే చాలు.

కృష్ణ ఒడ్డున ఉన్న థర్మల్ స్టేషన్లో కుర్ర ఇంజనీరుగా చేరి, జుట్టు నెరిశాక పెద్ద ఇంజనీరుగా రిటైరయ్యాడు. ఆ ఉద్యోగం చేసినన్నాళ్లూ పొద్దున్నే క్వార్టర్ వరండాలో కాఫీ గ్లాసుతో నిలబడి పొగగొట్టాల వంక చూడడమే అతని సంధ్యావందనం. అన్నిట్లోంచీ పొగ లేస్తుంటే జిల్లాలో మిల్లులన్నీ తిరుగుతున్నట్టు, పొలాల్లో మోటార్లు నీళ్లు తోడుతున్నట్టు, ఎవరింట్లోనో అప్పుడే మర పట్టించిన పిండితో అట్లు పోస్తున్నట్టు కళ్లకు కట్టేది. ఒక గొట్టం ఊరికే నిలబడి ఉందంటే కాఫీ సగంలో వదిలేసి జీపు కోసం పరిగెత్తేవాడు. తను కాల్చే బొగ్గు మీదే రాష్ట్రానికి అన్నం ఉడుకుతోందని అతని నమ్మకం. ఆ నమ్మకం అక్కడ తప్పు కూడా కాదు.

చిక్కల్లా, దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని న్యూజిలాండ్ దాకా మోసుకురావడంతో వచ్చింది.

కూతురు నిరుపమ, అల్లుడు గౌతమ్ ఆక్లాండ్ దక్షిణపు అంచున, టకానినిలో కొత్త ఇల్లు కొనుక్కున్నారు. రెసిడెంట్ వీసా రాగానే జనార్ధనరావు, భార్య వేదవతి వచ్చి వాళ్లతోనే ఉండిపోయారు. వచ్చిన మర్నాడు అతను వెనక డెక్ మీద కాఫీ కప్పుతో నిలబడి నాలుగు దిక్కులూ కలయజూశాడు. రైలు పట్టాలు, మోటర్‌వే, ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్లు, కడిగి ఆరబెట్టినట్టున్న ఆకాశం. పొగ మాత్రం ఎక్కడా లేదు.

“ఈ దేశం ఏం చేసి బతుకుతోందే?” అని భార్యని అడిగాడు.

“గాలి పీల్చి బతుకుతోంది. పీల్చుకోనివ్వండి,” అంది వేదవతి.

నిరుపమ సిటీ సెంటర్లో ఒక ఆర్థిక సలహా సంస్థలో పనిచేస్తుంది. బొగ్గు, గ్యాసు కాల్చి తీసే కరెంటుకీ, దేశంలో జరిగే మొత్తం ఉత్పత్తికీ మధ్య చుట్టరికం ఏమిటో తేల్చడం ఆమె పని. ఆ సంగతి మొదటిసారి విన్నప్పుడు తండ్రికి కొంచెం గర్వంగానే అనిపించింది.

“అంటే నా ఉద్యోగం మీద నీ ఉద్యోగమన్నమాట.”

“దాదాపు అంతే నాన్నా. పని పెరగబట్టి పొగ పెరుగుతుందా, పొగ పెరగబట్టి పని పెరుగుతుందా అన్నది చూస్తాం. ఒక్కో దేశంలో ఒక్కోలా వస్తుంది.”

“ఒక్కోలా రావడమేమిటి? మేం యూనిట్ ఆపితే మిల్లులు ఆగిపోయేవి. దీనికి కంప్యూటరెందుకు?”

“మిల్లులు ముందు ఆగిపోతే మీరు యూనిట్ ఆపేవాళ్లు కాదా?”

జనార్ధనరావుకి తెలుసు. అలాంటి రోజులూ ఉన్నాయి. లోడ్ లేదని, అంటే కరెంటు వాడేవాళ్లు లేరని, పైనుంచి ఫోను వచ్చి, చక్కగా మండుతున్న బాయిలర్ని చల్లార్చిన రోజులు. కానీ ఆ మాట కూతురి ముందు ఒప్పుకోవడం దేనికని, “ఇలాంటి ప్రశ్నలకి కూడా జీతాలిస్తున్నారంటే దేశం బాగానే ఉన్నట్టుంది,” అనేసి టీవీ పెట్టుకున్నాడు.

ఆగస్టులో, అంటే అక్కడి చలికాలంలో, ఒక శనివారం గౌతమ్ అత్తమామల్ని హామిల్టన్లో స్నేహితుల ఇంటికి బయల్దేరదీశాడు. నిరుపమ వాళ్లతో లేదు. వెల్లింగ్టన్లో మీటింగులు ఉన్నాయని వెళ్లి, వారాంతం లోవర్ హట్లో స్నేహితురాలి దగ్గర ఉండిపోయింది. దారిలో హంట్లీ అనే ఊళ్లో థర్మల్ స్టేషన్ ఉందని జనార్ధనరావు ఎక్కడో విన్నాడు. పట్టుబట్టి ఎక్స్‌ప్రెస్‌వే దింపించి, నది ఒడ్డున కారు ఆపించాడు.

వైకాటో నది అవతలి గట్టున రెండు పొగగొట్టాలు, ఎంత ఎత్తున్నాయో మెడ వెనక్కి వాల్చి చూడాలి. రెండింట్లోంచీ పల్చగా పొగ లేస్తోంది. జనార్ధనరావు మఫ్లర్ చెవులకి చుట్టుకుని కారు దిగాడు. చలిగాలి మొహాన కొడుతున్నా పట్టించుకోలేదు. పరాయి ఊరి సంతలో సొంత మేనత్త ఎదురుపడ్డట్టు అయింది అతనికి.

“వేదా, దిగవా?”

“ఆ మొహం ముప్పయ్యేళ్లు చూశాను. మీరు చూసి రండి,” అంది వేదవతి, కారు హీటరు ఇంకొంచెం పెంచుకుంటూ.

“చూశారా అల్లుడుగారూ, రెండూ పొగ మీదున్నాయి. దేశం పనిలో ఉంది,” అన్నాడు జనార్ధనరావు.

“అవునండి మావయ్యగారూ,” అన్నాడు గౌతమ్. అతను సాఫ్ట్‌వేర్ మనిషి. స్విచ్ వేస్తే లైటు వెలుగుతుందన్నంత వరకే అతనికి కరెంటుతో పరిచయం.

ఆ మర్నాడు పొద్దున్న పక్కింటి రవీంద్ర కంచె దగ్గరికి వచ్చి పిలిచాడు. రవీంద్ర ఫిజీ నుంచి వచ్చినవాడు. వాళ్ల ముత్తాత చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి వెళ్లిన తెలుగువాడు. రవీంద్రకి వచ్చిన తెలుగు వాళ్ల ఆజీ, అంటే నాయనమ్మ, ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది. మధ్యమధ్యలో హిందీ దొర్లుతుంటుంది. అతనూ భార్య అంజనీ కలిసి ఊరి చివర ఒక పెద్ద షెడ్డులో లాండ్రీ నడుపుతున్నారు. హోటళ్ల బెడ్‌షీట్లు, తువ్వాళ్లు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి పంపుతారు. యంత్రాలన్నీ కరెంటువే.

“అంకుల్, మీరు బిజిలీ మనిషి కదా. ఒక సలహా కావాలి,” అన్నాడు రవీంద్ర. “పాత రేటు గడువు అయిపోయింది. కొత్తవి రెండు చెప్తున్నారు. ఒకటి ఏడాది మొత్తం ఒకే రేటు, కొంచెం ఎక్కువ. ఇంకోటి మార్కెట్‌తో పాటు పైకి పోతాది, కిందికి పోతాది. అంజని ఒకే రేటు తీసుకోమంటది. నాకేమీ సమజ్ కాలేదు.”

జనార్ధనరావు కాఫీ కప్పు కంచె మీద పెట్టాడు. రిటైరయ్యాక ఇలాంటి ప్రశ్న అతన్ని అడిగినవాళ్లు లేరు.

“నిన్ననే హంట్లీ చూసొచ్చాను రవీంద్రా. రెండు గొట్టాలూ పొగ మీదున్నాయి. ఉన్న యూనిట్లన్నీ నడుపుతున్నారంటే సరఫరాకి లోటు లేదన్నమాట. సరఫరా దండిగా ఉంటే రేటు తగ్గక ఏం చేస్తుంది? మార్కెట్ రేటే తీసుకో.”

“నిరుపమని కూడా ఒక మాట అడగనా?”

“అది లెక్కలు కట్టే మనిషి. నేను కాల్చిన మనిషిని,” అన్నాడు జనార్ధనరావు.

ఆ మాటకి ఎదురేముంది? రవీంద్ర సోమవారం మూడు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు.

మంగళవారం రాత్రి భోజనాల దగ్గర జనార్ధనరావు ఈ సంగతంతా కూతురికి ఉత్సాహంగా చెప్పాడు. హంట్లీ ఎంత బాగుందో, తన సలహా రవీంద్ర ఎంత శ్రద్ధగా విన్నాడో వర్ణించాడు. నిరుపమ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“మార్కెట్ రేటు తీసుకోమన్నారా?”

“ఏం?”

“నాన్నా, ఇక్కడ కరెంటు ఎక్కువగా నీళ్ల నుంచి వస్తుంది. దక్షిణ దీవిలో కొండల మధ్య పెద్ద పెద్ద సరస్సులున్నాయి. అవి నిండుగా ఉంటే హంట్లీతో అంత పనుండదు. ఈ ఏడు అక్కడ వాన లేదు. సరస్సులు అడుగంటుతున్నాయి, గ్యాసు కూడా తక్కువైంది. అందుకని బొగ్గు కాలుస్తున్నారు. అన్నిటికన్నా ఖరీదైనదాన్ని ఆఖర్న దింపుతారు. దాని ఖరీదే మార్కెట్ రేటు అవుతుంది.”

జనార్ధనరావు నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

“మన దగ్గర పొగొస్తే మిల్లులు తిరుగుతున్నాయని. ఇక్కడ పొగొస్తే మిల్లులు ఆపుకుంటున్నారని. ఈ నెల్లోనే ఒక కలప మిల్లు ఈ రేటు భరించలేక మూసేశారు,” అంది నిరుపమ. ఆమె గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. అదే అతనికి మరీ ఇబ్బందిగా ఉంది.

గౌతమ్ తన కంచంలోకి చూసుకుంటూ కూర్చున్నాడు. వేదవతి పెరుగు గిన్నె భర్త వైపు జరిపింది.

“పెరుగు వేసుకోండి. చలవ చేస్తుంది.”

మార్కెట్ రేటు నిరుపమ చెప్పినట్టే ఎక్కింది. కొద్ది రోజులు పోయాక పక్కింటి వ్యాను రోజూ వెలుతురు ఉండగానే ఇంటికి రావడం మొదలైంది. ఏమిటా అని జనార్ధనరావు వాకబు చేస్తే, లాండ్రీలో సాయంత్రం షిఫ్టు ఆపేశారని తెలిసింది. దుప్పట్లు మడిచే ఏంజెలా, ఇంకో ఇద్దరూ సగం పూట పనికే వస్తున్నారు.

ఇక ఉండబట్టలేక పక్కింటికి వెళ్లాడు. తలుపు తీసిన అంజని “రండి” అని ఒక్క మాటే అంది. టీ తెచ్చి ముందు పెట్టింది. అందులో పంచదార లేదు. మరిచిపోయి వేయలేదో, కావాలనే మానేసిందో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

“నా వల్ల పొరపాటు జరిగింది రవీంద్రా,” అన్నాడు.

“సంతకం నాది అంకుల్. పెన్ను కూడా నాదే. మీరేం చేస్తారు,” అన్నాడు రవీంద్ర.

తిట్టి ఉంటే బాగుండేది. స్టేషన్లో ఏదైనా తప్పు జరిగితే పైవాళ్లు తిట్టేవాళ్లు, తను కిందివాళ్లని తిట్టేవాడు, సాయంత్రానికి అందరూ కలిసి టీ తాగేవాళ్లు. ఈ మెత్తదనం ముందు ఎలా కూర్చోవాలో అతనికి తెలీలేదు.

“రేపు నీతో షెడ్డుకి రానా?” అని అడిగాడు.

“ఇంకేం సలహా ఇస్తారు?” అంది అంజని వంటింట్లోంచి.

“ఇవ్వను తల్లీ. చూస్తాను. అంతే.”

మర్నాడు పొద్దున్నే వ్యానెక్కి వెళ్లాడు. షెడ్డులో ఒక పక్క ఉతికే యంత్రాలు, ఇంకో పక్క డ్రయర్లు, మధ్యలో మంచమంత వెడల్పున్న ఇస్త్రీ రోలరు. ఏడు కాగానే అన్నీ ఒక్కసారి ఆన్ చేశారు. నేల సన్నగా అదిరింది. ఆ మోత వింటుంటే అతనికి ప్రాణం లేచొచ్చింది. జేబులోంచి ఫోను తీసి కూతురికి చేశాడు. ఆమె రైల్లో సిటీ సెంటర్ వైపు వెళుతోంది.

“అమ్మలూ, మార్కెట్ రేటు అరగంటకోసారి మారుతుందన్నావు కదా. ఇప్పుడెలా ఉంది?”

“మండిపోతోంది నాన్నా. దేశమంతా ఇప్పుడే లేచి హీటరు వేసుకుంది, కెటిల్ పెట్టుకుంది.”

“ఎప్పుడు దిగుతుంది?”

“పది దాటాక. ఎండ బాగుండి గాలి వీస్తే ఇంకా దిగుతుంది. సాయంత్రం మళ్లీ ఎక్కుతుంది.”

జనార్ధనరావు డ్రయర్ల వంక చూశాడు. అతని ఉద్యోగ జీవితమంతా లోడ్ యజమాని, స్టేషన్ నౌకరు. ఎప్పుడు ఎంత అడిగితే అంత ఇవ్వాలి. కాస్త ఆగమని లోడ్‌ని అడగొచ్చన్న ఊహే అతనికి ఏనాడూ రాలేదు. ఇప్పుడు రవీంద్ర దగ్గరికి వెళ్లి, దాదాపు బతిమాలుతున్నట్టు, “ఉతుకు కానివ్వు, డ్రయర్లు మాత్రం పది దాకా ఆపి చూద్దామా?” అని అడిగాడు. రవీంద్ర అంజని వైపు చూశాడు. అంజని పైకప్పు వైపు చూసింది. డ్రయర్లు ఆపారు.

ఆ రోజు నుంచి తండ్రీ కూతుళ్ల ఫోన్లు పెరిగాయి. పెళ్లయ్యాక నిరుపమ తండ్రితో ఇంతగా మాట్లాడింది లేదు. అంతకుముందు “బాగున్నారా, బీపీ మాత్ర వేసుకున్నారా” దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు “గాలి లేచింది నాన్నా, వేసుకోండి” అని మీటింగులోంచి మెసేజ్ పెట్టేది. “గాలి పడిపోయిందా? ఇక్కడ జెండా కదలడం లేదు” అని అతను తిరిగి పెట్టేవాడు. ఆఫీసులో నిరుపమ పక్క సీటు అమ్మాయి, మీ నాన్న ఏమైనా పడవ నడుపుతున్నాడా అని అడిగిందట.

ఖర్చు తగ్గింది కానీ చాలలేదు. తిండిపోతులు డ్రయర్లే.

ఒక మధ్యాహ్నం వేదవతి టిఫిన్ డబ్బా తీసుకుని లాండ్రీకి వచ్చింది. భర్త తింటుంటే షెడ్డు వెనక తలుపు తీసి చూసింది. అటు విశాలమైన ఖాళీ జాగా. ఎండ పరుచుకుని ఉంది. ఈదురుగాలి గడ్డిని ఒక పక్కకి దువ్వుతోంది.

“ఈ ఎండని ఎవరు వాడుకుంటున్నారు?” అని అడిగింది.

“ఎవరూ లేదు ఆంటీ,” అన్నాడు రవీంద్ర.

“అయితే దండేలు కట్టండి.”

సాయంత్రానికి ఇనప స్తంభాలు పాతారు. రెండో రోజుకి ఈ కొస నుంచి ఆ కొసకి తాళ్లు బిగించారు. ఎలా వేస్తే త్వరగా ఆరుతాయో, ఏ వైపు నుంచి గాలొస్తే ఏ వరస ముందు నింపాలో వేదవతి చెబుతుంటే ఏంజెలా, అంజని వేస్తున్నారు. జనార్ధనరావుకి క్లిప్పుల బుట్ట పట్టుకునే పని పడింది.

దండేలన్నీ నిండాక వేదవతి నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడింది. తెల్లటి దుప్పట్లు గాలికి ఉబ్బి ఊగుతున్నాయి. చాలాసేపు చూసింది.

“ఏమిటలా చూస్తున్నావు?” అన్నాడు జనార్ధనరావు.

“కాలనీలో ఒక్కనాడైనా తెల్లబట్ట బయట ఆరేశానా నేను? మీ బూడిద పడుతుందని పడగ్గదిలో తాడు కట్టి ఫ్యాను కింద ఆరేసేదాన్ని. నిరూ యూనిఫాం చంకల దగ్గర తడి తడిగానే తొడుక్కుని బడికెళ్లేది.”

“నాకెప్పుడూ చెప్పలేదే?”

“మీరు వరండాలో నిలబడి పొగ చూసుకుంటుండేవారు. అంత తృప్తిగా చూసేవాళ్లకి అడ్డం రావడం దేనికని.”

ఆ మాట కోపంగా అనలేదు. నోట్లో క్లిప్పు పెట్టుకుని, ఇంకో దుప్పటి కొస వెతుక్కుంటూ అంది. జనార్ధనరావు బుట్ట కింద పెట్టి, దుప్పటి రెండో కొస అందుకున్నాడు. ఆమె దులపమన్నట్టు దులిపాడు. వేయమన్న చోట వేశాడు. వరండాలో అన్నేళ్లు నిలబడ్డ మనిషి, ఇంటి లోపల ఆ తాడు ఏ గోడ నుంచి ఏ గోడకి ఉండేదో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తు రాలేదు.

శనివారం నిరుపమ చూడడానికి వచ్చింది. దండేల మధ్య నడిచి, ఒక దుప్పటికి మొహం ఆనించి వాసన చూసింది.

“డ్రయర్ వేస్తే కొన్న కరెంటు నా లెక్కలోకి వస్తుంది నాన్నా. ఎండకి బిల్లు రాదు కాబట్టి లెక్కలోకి రాదు,” అంది నవ్వుతూ.

“అంటే మీ ఆఫీసు దృష్టిలో సూర్యుడు నిరుద్యోగి,” అన్నాడు జనార్ధనరావు.

“ప్రస్తుతానికి అంతే.”

“వాడికి రెజ్యూమె రాసిపెట్టరాదూ?” అంది వేదవతి.

ఇలా సాగుతుండగా జనార్ధనరావుకి కొత్త ఇరకాటం వచ్చింది. రేటు దిగాలంటే దక్షిణ దీవిలో వాన పడాలి. దుప్పట్లు ఆరాలంటే టకానినిలో పడకూడదు. ఆక్లాండ్ వాన చెప్పి రాదు. ఎండ కాస్తుండగానే ఒక మబ్బు తునక ఎక్కడినుంచో వచ్చి నాలుగు చినుకులు రాల్చి పోతుంది. అది కనపడగానే పరుగెత్తి దుప్పట్లు లాగాలి, పోగానే మళ్లీ వేయాలి. పొద్దున్నే దేవుడి అలమర ముందు అతను కళ్లు మూసుకుని పెదాలు కదిపే సమయం రోజురోజుకీ పెరిగింది.

“ఎక్కడ కురవాలో సరిగ్గా చెబుతున్నారా?” అంది వేదవతి వెనకనుంచి. “మీ సరస్సులెక్కడున్నాయో ఆయనకేం తెలుసు? ఒక మ్యాప్ కూడా అక్కడ పెట్టండి.”

సాయంత్రం వార్తల్లో వాతావరణం వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. టెకపో, పుకాకి అన్న సరస్సుల పేర్లు అతనికి కంఠస్థమయ్యాయి. “మీ పుకాకి కడుపు నిండిందా?” అని వేదవతి కూర తరుగుతూ అడిగేది. “లేదు,” అనేవాడు అతను, దగ్గరి బంధువు ఆస్పత్రిలో ఉన్నట్టుగా.

చలికాలం ముగుస్తుండగా ఒక మధ్యాహ్నం నిరుపమ మెసేజ్ పెట్టకుండా నేరుగా ఫోనే చేసింది.

“నాన్నా, అక్కడ కొండల మీద ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. సరస్సుల్లోకి నీళ్లు దిగుతున్నాయి.”

జనార్ధనరావు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని షెడ్డంతా తిరిగి అందరికీ చెప్పాడు. రవీంద్ర ఇస్త్రీ రోలరు ఆపి వచ్చి చెయ్యి కలిపాడు. అంజని టీ పెట్టింది. అందులో పంచదార ఉంది.

ఆ మర్నాడు హోటళ్ల నుంచి పెద్ద లోడ్ వచ్చింది. పొద్దున్న ఎండ బాగుంది. జనార్ధనరావు దగ్గరుండి దండేలన్నీ నింపించాడు. తాళ్లు చాలక కంచె మీద కూడా వేయించాడు. నింపాక ఏంజెలాని నిలబెట్టి, వాన నీరు కొండల మీంచి సరస్సులోకి ఎలా దిగుతుందో, సరస్సులోంచి టర్బైన్ మీదకి ఎలా దూకుతుందో తన ఇంగ్లిషులో, చేతులతో కలిపి వివరిస్తున్నాడు. ఏంజెలా వింటూనే అతని భుజం మీదుగా ఆకాశంలోకి చూసింది.

“అంకుల్,” అంది. “ఆ వాన ఇప్పుడెక్కడుంది?”

జనార్ధనరావు వెనక్కి తిరిగాడు. పడమటి ఆకాశం మషి పూసినట్టు ఉంది. ఇన్నాళ్లూ అతను మ్యాప్‌లో దక్షిణ దీవినే చూశాడు. మబ్బు ఒకచోట కూర్చుని కురిసేది కాదని, దక్షిణాన పని చూసుకుని ఉత్తరానికి బయల్దేరుతుందని తట్టలేదు.

అందరూ పరుగెత్తారు. వాళ్లు సగం దండేలు చేరేలోపే వాన కుంభవృష్టిగా దిగింది. గాలికి దుప్పట్లు తాళ్లని చుట్టుకున్నాయి. రవీంద్ర ఒకటి లాగితే రెండు బురదలో పడ్డాయి. జనార్ధనరావు ఒక పెద్ద దుప్పటిని పట్టుకుని లాగాడు. అది ఊడి వచ్చి అతని తల మీంచి మోకాళ్ల దాకా కప్పేసింది. అందులోంచి ఎటు బయటపడాలో తెలీక, చేతులు చాపుకుని గుడ్డివాడిలా రెండడుగులు వేసి, స్తంభానికి కొట్టుకుని ఆగాడు.

ఎవరో నవ్వుతున్నారు. దుప్పటి తొలగించుకుని చూస్తే అంజని. వాన నీళ్లు మొహం మీద కారిపోతుంటే, చేతుల్లో తడి బట్టల మూటతో, నిలబడలేక నవ్వుతోంది. ఆమె నవ్వు చూసి రవీంద్రకి నవ్వొచ్చింది. ఏంజెలా సరే సరి.

“ఇప్పుడు ఇవ్వండి అంకుల్ సలహా,” అంది అంజని. “ఏం చేద్దాం?”

జనార్ధనరావు కళ్లజోడు తుడుచుకున్నాడు. తుడిచిన చొక్కా కూడా తడిదే కావడంతో ఏమీ కనపడలేదు. షెడ్డులోకి వెళ్లి నిరుపమకి ఫోను చేశాడు.

“అమ్మలూ, దుప్పట్లన్నీ తడిసిపోయాయి. మళ్లీ ఉతకాలి. డ్రయర్లు వేయొచ్చా?”

“వేసుకోండి నాన్నా. నిన్నటికీ ఇవాళ్టికీ రేటు సగం పడిపోయింది.”

“అన్నీ ఒక్కసారి వేయనా?”

“అన్నీ వేయండి.”

షెడ్డులో నేల మళ్లీ అదిరింది. జనార్ధనరావు ఒక డ్రయర్‌కి వీపు ఆనించి, వెచ్చగా నిలబడ్డాడు. బయట వాన మీద వాన. తడిసిన బట్టల్లో వణుకుతూ కూడా, ఏ బొగ్గూ కాల్చకుండా వచ్చిన కరెంటు చూసి సంతోషించడం ఇదే మొదలు అనుకున్నాడు.

తర్వాత కొన్ని వారాలకి లాండ్రీలో సాయంత్రం షిఫ్టు మళ్లీ మొదలైంది. రవీంద్ర, అంజని ఒక ఆదివారం వచ్చి కొత్త కాంట్రాక్టు గురించి నిరుపమతో మాట్లాడారు. అడిగితే తప్ప నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకుని జనార్ధనరావు పకోడీలు తింటూ కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు. చివరికి అంజని మొదట చెప్పిన ఒకే రేటే ఖాయమైంది.

కలప మిల్లు మాత్రం మళ్లీ తెరవలేదు. ఆ సంగతి వార్తల్లో విని జనార్ధనరావు టీవీ ఆపేశాడు.

“అక్కడి పనివాళ్లు ఏమవుతారు నిరూ?”

“కొందరు వేరే ఊళ్లకి పోతున్నారు నాన్నా. కొందరు ఆస్ట్రేలియా.”

“బొగ్గు లేకపోతే ఆ మిల్లు బతికేదా?”

నిరుపమ తండ్రి పక్కన వచ్చి కూర్చుంది.

“లేదు. హంట్లీ నడవకపోతే ఈ చలికాలం ఇళ్లలో లైట్లకి కూడా కటకట అయ్యేది. అది ఆదుకుంది. కానీ ఆదుకున్నందుకు అయ్యే ఖరీదు అందరూ తట్టుకోలేరు. మీరు కాల్చిన బొగ్గుతోనే నేను చదువుకున్నాను, నాకు తెలుసు. తడి యూనిఫాం తొడుక్కుని వెళ్లింది కూడా నేనే.”

“నీకూ గుర్తుందా ఆ యూనిఫాం?”

“చలేసేది నాన్నా,” అంది నిరుపమ, అతని భుజం మీద తల పెట్టి.

అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు.

రేటు దిగినా రవీంద్ర దండేలు తీయలేదు. ఒక చిన్న హోటల్ వాళ్లు ఎండలో ఆరిన దుప్పట్లే కావాలని అడిగారట. వాటికి వేరే మనిషి కావాల్సి వచ్చింది. అంజని వచ్చి వేదవతిని అడిగింది. వారానికి మూడు పొద్దులు, జీతంతో. వేదవతి భర్తని సంప్రదించలేదు. ఎప్పుడు రమ్మంటావని మాత్రం అంజనిని అడిగింది.

మొదటి రోజు పొద్దున్నే పక్కింటి వ్యాను వాకిట్లో ఆగింది. వేదవతి చీర మీద స్వెట్టరు, దాని మీద లాండ్రీ వాళ్ల నీలం ఏప్రను కట్టుకుని వ్యానెక్కింది. నిరుపమ, గౌతమ్ అప్పటికే ఆఫీసులకి వెళ్లిపోయారు. జనార్ధనరావు గేటు దాకా వచ్చి చెయ్యి ఊపి, లోపలికి వచ్చి, వంటింట్లో నిలబడ్డాడు.

గట్టు మీద రైస్ కుక్కర్. పక్కన కడిగిన బియ్యం. బయటికెళుతూ వేదవతి “నీళ్లు పోసి పెట్టండి చాలు” అంది. ఎన్ని నీళ్లో చెప్పలేదు. పెద్ద పెద్ద యూనిట్లు గ్రిడ్డుకి కలిపినవాడు కుక్కర్ మీదున్న మూడు బటన్ల వంక చాలాసేపు చూశాడు. కూతురికి ఫోను చేద్దామనుకుని మానుకున్నాడు. బియ్యం కుక్కర్లో వేసి, వేలు మునిగే దాకా నీళ్లు పోసి, మధ్య బటను నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. అది సరైన దీపమో కాదో తెలీదు. అయినా ఒక స్టూలు లాక్కుని దాని ముందు కూర్చున్నాడు.